లోరీన్ ఇంటికి రెండు ట్రంకాల్స్

గోడలకి చెవులుంటాయని అంటారు. మా ఊరు కలెన్ ఫ్లాట్‌లో గోడలు పాపం ఏమీ వినవు, వినేదంతా మనుషులే. ఒక్కో ఫోను తీగ మీద ఏడెనిమిది ఇళ్ళుంటాయి. ఒకరికి ఫోనొస్తే అన్ని ఇళ్ళలోనూ గంట మోగుతుంది. రెండు పొడుగు గంటలు, ఒక పొట్టి గంట అయితే లోరీన్ స్ట్రౌడ్‌కి. మూడు పొట్టి గంటలైతే విల్డా మేబ్రీకి. ఎవరి గంటకి వాళ్ళే ఎత్తాలన్నది మర్యాద, ఎవరి గంటకైనా అందరూ ఎత్తడం అలవాటు. ఎత్తి, ఊపిరి వినబడకుండా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. పంతొమ్మిదేళ్ళు ఆ ఊరి స్విచ్‌బోర్డు ముందు కూర్చున్నదాన్ని. ఎవరు ఏ వంకతో వింటున్నారో నాకు తెలియనిది కాదు.

ఎక్స్ఛేంజి అంటే పెద్ద ఆఫీసనుకునేరు. మా ఇంటి ముందుగదే. బోర్డు, దాని ముందు నా కుర్చీ, పక్క గదిలో మా ఆయన హ్యూబర్ట్. ఆయనకి ఒక చెవి పనిచేయదు. రెండోది ఆయనకి ఇష్టమైనప్పుడు పనిచేస్తుంది.

ఆ ఫిబ్రవరి మంగళవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి దుమ్ముగాలి లేచింది. కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుతుంటే ఉత్తరాది నుంచి ట్రంకాల్ వచ్చింది. అవతల మగ గొంతు, నిద్రలేని గొంతు.

“అమ్మా, మిసెస్ లోరీన్ స్ట్రౌడ్‌కి పి.పి. కాల్. నేనిక్కడ షెరీఫ్‌ని.”

పి.పి. కాల్ అంటే అడిగిన మనిషే ఫోను దగ్గరికి రావాలి. ఆ మనిషేనని మేం అడిగి రూఢి చేసుకోవాలి. అప్పుడే కలపాలి. మా ఉద్యోగంలో మొదటి పాఠం అది. కానీ షెరీఫ్ అన్న మాట వినేసరికి నా చేతిలో ప్లగ్గు చేతిలోనే ఉండిపోయింది. లోరీన్ కొడుకు డెల్విన్ ఆ ఉత్తరాది మంచు ఊళ్ళలోనే బస్సులో తిరుగుతూ పాటలు పాడుతున్నాడు.

“విషయం ఏమిటండీ?” అన్నాను. అలా అడగకూడదు. అడిగాను.

“అది ఆవిడకే చెప్పాలమ్మా.”

“చెప్పండి, కాదనను. ఈ తీగ మీద ఎనిమిది ఇళ్ళున్నాయి. మీరు ఆవిడకి చెప్పే మాట ఏడుగురు ఆడవాళ్ళు ఆవిడతో పాటే వింటారు. మీ అమ్మకైతే అలాగే చెప్పిస్తారా?”

 అప్పుడు చెప్పాడు. తెల్లవారుజామున మంచులో చిన్న విమానం బీట్‌దుంపల పొలంలో కూలింది. ముగ్గురు పోయారు. ఒకడు పైలట్టు. ఒకాయన వేరే బృందంలో పాటగాడు, జేబులో లైసెన్సు దొరికింది. మూడో కుర్రాడి జేబులు ఖాళీ. మొహం చూసి గుర్తుపట్టేలా లేదు. ఒంటి మీద ఎర్రకోటు ఉంది, రొమ్ము మీద తెల్లదారంతో డెల్విన్ అని కుట్టి ఉంది. విమానం ఎక్కినవాళ్ళ పుస్తకంలోనూ డెల్విన్ స్ట్రౌడ్ అనే రాసి ఉంది.

ఆ కోటు కుట్టింది లోరీనే. బృందంలో నలుగురికీ నాలుగు ఎర్రకోట్లు తనే కుట్టింది. పేర్లు కుట్టడానికి తెల్లదారం చాలకపోతే నా దగ్గర ఉండ పట్టుకెళ్ళింది.

“త్వరగా వెళ్ళమ్మా,” అన్నాడు షెరీఫ్. “ఇక్కడి రేడియో వాళ్ళకి అప్పుడే తెలిసిపోయింది. వాళ్ళ నోరు నేను మూయలేను.”

గడియారం చూశాను. ఎనిమిది నలభై. మా జిల్లా స్టేషన్ వాడు రోజూ తొమ్మిదింటికి పత్తి ధరలు చదివి, ఆ వెంటనే డెల్విన్ రికార్డు వేస్తాడు. లోరీన్ ఇస్త్రీ బల్ల ముందు నిలబడి ఆ పాట కోసమే రేడియో పెట్టుకుంటుంది. కొడుకు పోయాడన్న మాట పత్తి ధరల తరవాత వినకూడదు ఏ తల్లీ. నాకు ఆ ఇరవై నిమిషాలే ఉన్నాయి.

చేతిలో ప్లగ్గు లోరీన్ తీగకి పెట్టకుండా పక్కన పడేశాను. బోర్డు వదిలి వెళితే ఉద్యోగం పోతుంది. పోతే పోయింది. హ్యూబర్ట్‌ని కుర్చీలో కూలేశాను.

“నాకేం తెలుసే ఇది?” అన్నాడు.

“ఎవరడిగినా లైను ఖాళీ లేదని చెప్పు. వినబడకపోయినా అదే చెప్పు.”

దుమ్ములో అర మైలు నడిచాను, నడిచానంటే పరిగెత్తాను. పళ్ళ మధ్య ఇసుక నలిగింది. దారిలో ఎలా చెప్పాలో నాలుగు రకాలుగా కూర్చుకున్నాను. తలుపు తీసిన లోరీన్ నవ్వు చూడగానే నాలుగూ మరిచిపోయాను.

“ఏమే, బోర్డు ఎవరు చూస్తున్నారు? హ్యూబర్టా? అయితే ఇవాళ ఊళ్ళో ఎవరి మొగుడు ఎవరికి కలుస్తాడో ఏమో!” అంది. చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. వెనక రేడియోలో పత్తి ధరలు మొదలయ్యాయి.

నేను లోపలికి వెళ్ళి రేడియో కట్టేశాను.

“ఆపుతావేమే? మావాడి పాట వచ్చే వేళయింది.”

“లోరీన్, ఆ పెట్టె కింద పెట్టు.”

“ఎందుకు?”

“పెట్టు ముందు.”

పెట్టింది. నా మొహం చూసింది. నేనింకా నోరు విప్పలేదు, తనే అంది. “బస్సా?”

“విమానం.”

“వాడు విమానం ఎక్కడే,” అంది నమ్మకంగా. “చిన్నప్పుడు జాతరలో గిరగిరా తిరిగే కుర్చీ ఎక్కడానికే ఏడ్చాడు. వాడు ఎక్కడు.”

ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాలి. తల్లికి తెలిసినంత షెరీఫ్‌కి తెలియదు కదా అని అనుకోవాలి. అనుకోలేదు. కోటు మాట చెప్పాను, కోటు మీద పేరు మాట చెప్పాను. ఆ తెల్లదారం మాట వినగానే లోరీన్ నేల మీద చతికిలబడింది. ఏడవలేదు. ఇస్త్రీ చేసిన బట్టలన్నీ ఒళ్ళోకి లాక్కుని నలిపేస్తూ కూర్చుంది.

మా ఊళ్ళో చావు కబురు తెలిస్తే ప్రతి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. గంటలోపే వంటకాలు మోసుకొస్తారు. అందరికంటే ముందు వచ్చింది విల్డా మేబ్రీ. వెనకే వస్తున్న వాళ్ళందరూ మాటలాపి చూశారు. ఆవిడ ఆ గడప తొక్కి పధ్నాలుగు నెలలైంది మరి.

విల్డా కొడుకు గేలన్ కూడా ఆ బృందంలోనే ఉన్నాడు, డ్రమ్ములు వాయిస్తాడు. వాణ్ణి పాదిరీ చదువుకి పంపాలని వాడు పుట్టినప్పటి నుంచి విల్డా అనుకుంది. కాలేజీకి పెట్టె సర్దిన వారానికే డెల్విన్ వచ్చి బస్సెక్కించుకుపోయాడు. ఆ ఆదివారం చర్చి మెట్ల మీద విల్డా అందరూ వింటుండగా అంది, “నీ కొడుకు తాను చెడింది చాలక నా కొడుకునీ చెడగొట్టాడు. వాడికి మంచి చావు రాదు.” లోరీన్ మాటకి మాట అనే మనిషే, ఆ రోజు మాత్రం తలొంచుకుని మెట్లు దిగిపోయింది. అంతకు ముందు ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. పిల్లలిద్దరూ రెండిళ్ళలోనూ తిని పెరిగారు. ఆ మెట్ల దగ్గరితో అన్నీ ఆగిపోయాయి.

ఆ విల్డా ఇప్పుడు టోపీ కూడా పెట్టుకోకుండా, జుట్టు నిండా దుమ్ముతో వచ్చి లోరీన్ ముందు నేల మీద కూర్చుంది.

“నా పాడు నోరు కోసెయ్యాలే,” అంది. “నేనన్న మాట తగిలింది.”

“మాటలకి విమానాలు పడతాయా వదినా?” అంది లోరీన్. అప్పుడు ఏడ్చింది. ఇద్దరూ ఏడ్చారు. కాసేపటికి లోరీన్ విల్డా చెయ్యి గట్టిగా పట్టుకుని అంది, “గేలన్‌ని ఇంటికి పిలిపించుకో. ఇంక పంపకు. నా మాట విను, ఇవాళే పిలిపించుకో.”

వంటింట్లో విల్డా నన్ను పక్కకి లాగింది. 

“ఒలీటా, ఎవరితో అనకు. కబురు విన్న క్షణం నాకేమనిపించిందో తెలుసా? మావాడు కాదు కదా, దేవుడా, నీకు దణ్ణం అనుకున్నాను. పక్కింటి పిల్లాడు పోతే అలా అనుకున్నాను. నేను మనిషినేనా?”

“ఏ తల్లయినా అదే అనుకుంటుంది వదినా.”

“వాళ్ళ బస్సు మధ్యాహ్నానికి తరవాతి ఊరు చేరుతుందట. హోటలుకి కాల్ వేసి పెట్టు. రాగానే మావాణ్ణి నాకు కలుపు. తిట్టనులే. ఇంటికి రమ్మంటాను, అంతే.”

సరేనన్నాను. బోర్డు దగ్గరికి వెళ్ళాక హోటలుకి కాల్ రాయించాను కూడా.

లోరీన్‌ని మంచం మీద పడుకోబెట్టాం. డాక్టరు ఏదో మందిచ్చాడు, కళ్ళు మూసుకుంది. విల్డా కొంగు బిగించినట్టు ఏప్రన్ బిగించి ఆ ఇంటి బాధ్యతంతా నెత్తినేసుకుంది. వచ్చేవాళ్ళని కూర్చోబెట్టడం, పోయేవాళ్ళని పంపడం, ఫోను వస్తే తనే ఎత్తి “ఇప్పుడు మాట్లాడలేదమ్మా” అని పెట్టెయ్యడం. నేను ఇంటికొచ్చాను. హ్యూబర్ట్ బోర్డు మీద తీగలన్నీ నూడుల్స్‌లా కలగలిపి పెట్టాడు. విప్పి సరిచేసుకుంటే పదకొండైంది. రేడియో వాడు తొమ్మిదింటికే ఊరంతా చాటేశాడట. చాటి, ఆ వెంటనే పాట వేశాడు. ఎంత చిరాకేసిందంటే ఎదురుగా ఉంటే ఆ రికార్డు వాడి నెత్తి మీదే పగలగొట్టేదాన్ని.

పన్నెండు దాటి పది నిమిషాలకి ఉత్తరాది లైను దీపం వెలిగింది.

అక్కడి ఆపరేటరు పిల్ల అంది, “కలెన్ ఫ్లాట్, మిసెస్ లోరీన్ స్ట్రౌడ్‌కి పి.పి. కాల్. చేసేవారు డెల్విన్ స్ట్రౌడ్.”

“ఎవరు?” అన్నాను.

“పిన్నీ, నేనే.” డెల్విన్ గొంతు. బొంగురుపోయి ఉంది, కానీ వాడిదే. “పిన్నీ, అమ్మకి కలుపు. బస్సు మంచులో చిక్కుకుపోయి ఇప్పుడే దిగాం. ఇక్కడ అందరూ నేను చచ్చిపోయానంటున్నారు. అమ్మ విందా? త్వరగా కలుపు పిన్నీ.”

నేను కుర్చీలోంచి లేచిపోయాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. “బతికే ఉన్నావా నాయనా! బతికే ఉన్నావా!” అని అరిచాను. అయితే ఆ కోటులో ఉన్నదెవరు అన్న ప్రశ్న నా బుర్రకి తట్టనే లేదు. ఇంతకాలమైంది, ఇప్పటికీ నా బుర్రని నేనే తిట్టుకుంటాను.

ప్లగ్గు పెట్టి గంట కొట్టాను. రెండు పొడుగు, ఒక పొట్టి. అవతల ఎత్తారు. “హలో” అంది ఏడ్చి ఏడ్చి గరగరలాడే ఆడ గొంతు. లోరీనే అనుకున్నాను. నూట ఇరవై ఇళ్ళ గొంతులు కళ్ళు మూసుకుని చెప్పే దాన్ని, ఆ ఒక్క హలో పోల్చలేకపోయాను. నువ్వెవరు అని అడగలేదు. పొద్దున్న ఒక తల్లి మీద జాలితో రూలు తప్పాను, అందుకు బాధ లేదు. మధ్యాహ్నం నా సంతోషంలో తప్పాను. మాట్లాడు నాయనా అని కలిపేశాను.

“అమ్మా, నేనే డెల్విన్‌ని!” వాడు ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. “నేను చావలేదమ్మా. అది గేలన్. వెళ్ళబోయే ఊరి రేడియో వాళ్ళు పొద్దున్నే నన్ను మాట్లాడించాలంటారు, విమానంలో రమ్మంటారు. నాకు విమానమంటే భయం కదా. గేలన్ నా గొంతు అచ్చం దింపేస్తాడు. రేడియోలో మొహం ఎవరికి కనబడుతుంది? అందుకని ఎప్పుడూ వాడే నా కోటేసుకుని, నా పేరు చెప్పి వెళ్ళేవాడు. ఈ నెలలో ఇది ఐదోసారి. అమ్మా, గేలన్ చచ్చిపోయాడమ్మా. విల్డా అత్తకి ఎలా చెప్పాలి? నువ్వే చెప్పాలి అమ్మా. నావల్ల కాదు.”

 తీగ మీద మిగతా ఇళ్ళవాళ్ళు వింటున్నారని నాకు తెలుసు. ఎవరో చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి వెక్కడం వినబడింది.

“అమ్మా?”

“ఆ కోటు వాడే అడిగాడా, నువ్వే ఇచ్చావా?”

అప్పుడు పోల్చాను ఆ గొంతు. వాడూ పోల్చాడు. నా చెయ్యి మీట మీద ఉంది. తెంచాలి. కానీ ఇంక తెంచితే ఏం లాభం?

“అత్తా…” అన్నాడు డెల్విన్.

“అడిగినదానికి చెప్పు.”

వాడే అడిగాడని చెప్పెయ్యరా అని నేను లోపల్లోపల వేడుకున్నాను. ఒక్క అబద్ధం. ఎవరికీ నష్టం లేని అబద్ధం.

“నేనే ఇచ్చాను అత్తా. వాడు ఈసారి వద్దన్నాడు. నిద్ర లేదు, బస్సులో పడుకుంటానన్నాడు. నేనే బతిమాలాను. నేనే తొడిగాను.”

 

“తిన్నావా?” అంది విల్డా.

“లేదు అత్తా.”

“ఏదన్నా తిను. ఉండు, మీ అమ్మకి ఇస్తాను.”

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగులు. దూరం నుంచి విల్డా గొంతు, పిల్లల్ని బడికి లేపినట్టే ఉంది: “లే లోరీన్. లేవే. నీ కొడుకు బతికే ఉన్నాడు. ఫోన్లో ఉన్నాడు, లే.”

లోరీన్ పెట్టిన కేక ఫోనే అక్కర్లేకుండా నాకు వినబడి ఉండేది. పరిగెత్తుకొచ్చింది, ఏదో పడేసుకుంది, ఫోను అందుకుంది. నా బంగారం అంది, నా తండ్రీ అంది, నువ్వు విమానం ఎక్కవని నాకు తెలుసురా, చెప్పానురా, ఎవరూ వినలేదురా అంది. డెల్విన్ అమ్మా అమ్మా అంటూ ఏడుస్తున్నాడు, అంతకు మించి మాట రావడం లేదు. లోరీన్ నవ్వుతూ ఏడుస్తూ చెప్పుకుపోతోంది.

“ఇదిగో, మీ విల్డా అత్త పొద్దున్నించీ నన్ను వదలకుండా ఇక్కడే ఉందిరా. పచ్చి మంచినీళ్ళు తాగలేదు. నీ కోసం ఎంత ఏడ్చిందనుకున్నావు! గేలన్ నీ పక్కనే ఉన్నాడు కదా? వాడికివ్వు ఫోను. ఇవ్వరా. తల్లితో మాట్లాడతాడు.”

వాడి వెక్కిళ్ళే వినబడ్డాయి.

“డెల్విన్? వినబడుతోందా? గేలన్‌కి ఇవ్వమంటున్నా. ఉండు వదినా, ఇస్తున్నాడు. రా, నువ్వు పట్టుకో.”

నేను మీట లాగి లైను తెంచేశాను. పంతొమ్మిదేళ్ళలో జరుగుతున్న మాట మధ్యలో తెంచింది అదొక్కటే. ఆ మాట విల్డా నోటితో చెప్పించకూడదు, నేనే వెళ్ళి లోరీన్‌కి చెప్పాలి అనుకున్నాను. ఈసారి హ్యూబర్ట్‌ని కూడా పిలవలేదు. బోర్డు మీద దీపాలు ఒకటొకటే వెలుగుతున్నాయి, వెలగనీ అనుకుని దుమ్ములో పడి మళ్ళీ పరిగెత్తాను.

నేను వెళ్ళేసరికి విల్డా చెప్పేసింది. వంటింటి గుమ్మం దగ్గర లోరీన్ నేల మీద పడి ఆవిడ రెండు కాళ్ళూ చుట్టేసుకుని ఉంది. నా కొడుకు బదులా వదినా, నా కొడుకు బదులా అని తల కొట్టుకుంటోంది. విల్డా కళ్ళలో నీళ్ళు లేవు. వంగి, లోరీన్ జుట్టు మీద దుమ్ము దులుపుతూ మెల్లగా చెబుతోంది, “ఊరుకోవే. నీ కొడుకు బతికాడు కదా, ఊరుకో.”

నన్ను చూసి ఆవిడ తలెత్తింది.

“ఒలీటా,” అంది, “ఆ హోటలుకి వేసిన కాల్ తీసెయ్యి.”